గోడ అవతల 67 ఎకరాలు

మా బావగారిది శ్రీకాకుళం జిల్లా. 1974లో భెల్‌లో ఉద్యోగమొచ్చి భోపాల్ వెళ్లారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ ఊరు వదల్లేదు. పిప్లానీ దగ్గర ఇల్లు కట్టుకుని అక్కయ్యా ఆయనా అక్కడే ఉండిపోయారు. పోయిన డిసెంబరులో నేనూ మా అమ్మాయీ వాళ్లింట్లో నాలుగు రోజులున్నాం. అమ్మాయి హైదరాబాద్‌లో టౌన్ ప్లానర్. భోపాల్ వచ్చినవాళ్లెవరైనా ముందు పెద్ద చెరువు చూపించమంటారు. ఇది దిగీదిగగానే యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ గోడ దగ్గరికి తీసుకెళ్లమంది.

వెళ్లాం. జేపీ నగర్ రోడ్డు మీద బిడ్డనెత్తుకున్న తల్లి విగ్రహం ఉంది. డచ్ శిల్పి రూత్ వాటర్‌మన్ చేసింది. దానికెదురుగా గోడ. గోడ వెనక ముళ్లచెట్లు, వాటి మీదుగా తుప్పుపట్టిన పైపులు. ఒకచోట గోడ మనిషి పట్టేంత మేర కూలి ఉంది. మేం చూస్తుండగానే పదేళ్ల కుర్రాడొకడు ఆ కంతలోంచి లోపలికి దూరాడు. రెండు నిమిషాల్లో టెన్నిస్ బంతితో బయటికొచ్చాడు. బంతికంటిన మట్టిని చొక్కాకి తుడిచి, చెయ్యి నిక్కరుకి రాసుకుని, బౌలింగ్ చేసేవాడికి విసిరాడు. మా అమ్మాయి ఆ చొక్కా వంకే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక అక్కయ్య టీ ఇచ్చింది. అప్పుడు మొదలైన వాదన రాత్రి భోజనాల దాకా సాగింది. గుర్తున్నంతవరకూ రాస్తున్నాను. మధ్యలో నా మాటా ఉంటుంది. ఈ విషయంలో ఊరికే విని ఊరుకోవడం నావల్ల కాదు.

అమ్మాయి: మామయ్యా, ఆ స్థలం 1998లో రాష్ట్ర ప్రభుత్వం చేతికి తిరిగొచ్చింది. ఊరి మధ్యన, రైల్వే స్టేషన్‌కి అంత దగ్గర్లో 67 ఎకరాలు. చుట్టూ బస్తీల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పిల్లలకి ఆడుకునే జాగా లేదు, పెద్దవాళ్లకి చేతినిండా పని లేదు. అంత భూమిని ముళ్లచెట్లకి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తోంది. పార్కు, స్మారకం, ఒక ఐటీఐ, నాలుగు వర్క్‌షాపులు... ఏదో ఒకటి రావాలి కదా.

మామయ్య: రావద్దనలేదమ్మా. ముందు శుభ్రం చెయ్యమంటున్నాను. కింద విషం ఉంచి పైన గడ్డి పరిస్తే దాన్ని పార్కంటారా? కుండ మీద మూతంటారు.

అమ్మాయి: శుభ్రం చేశాకే అనుకుంటూ ఇన్నేళ్లు ఆగాం. ఆగినంతకాలం అది ఖాళీగా ఉందా? ఇందాక చూశారుగా. గేదెలు మేస్తున్నాయి, పిల్లలు ఆడుతున్నారు, పుల్లలేరుకునేవాళ్లు పుల్లలేరుకుంటున్నారు. వాడకం ఎప్పుడో మొదలైంది మామయ్యా. వాడేది అందరికన్నా బీదవాళ్లు. వాళ్లకి అక్కడ ఏముందో చెప్పే బోర్డు కూడా సరిగ్గా లేదు. మనం ఏమీ కట్టకపోతే ఏమీ జరగదనుకోవడం మన భ్రమ.

బావగారు దీనికి వెంటనే జవాబివ్వలేదు. టీ కప్పు పక్కన పెట్టి, అసలక్కడ ఏముందో ముందు తెలుసుకోమన్నారు. ఆయన చెప్పింది కాస్త వివరంగానే రాస్తాను. భోపాల్ అనగానే మనకు 1984 డిసెంబరు 2 రాత్రి గుర్తొస్తుంది, గ్యాస్ గుర్తొస్తుంది. మట్టి గుర్తుకు రాదు.

మామయ్య: ఆ రాత్రి ట్యాంకులోంచి 40 టన్నుల దాకా మిక్, అంటే మిథైల్ ఐసోసయనేట్ గ్యాస్ పోయింది. భోపాల్లో అప్పుడు 56 వార్డులుంటే 36 వార్డుల మీదుగా పోయింది. మా టౌన్‌షిప్ వైపు గాలి తిరగలేదు కాబట్టి మేం బతికాం. తెల్లారి హమీదియా ఆసుపత్రికి వెళ్లాను. దాని గురించి ఇప్పుడు మాట్లాడను. నేను చెప్పేది వేరే సంగతి. గ్యాస్ ఆ రాత్రే గాల్లో కలిసిపోయింది. మట్టిలో ఉన్నది ఆ గ్యాస్ కాదు. ఆ ఫ్యాక్టరీ 1969 నుంచి నడిచింది. మిక్ తయారీ 1980లో వచ్చింది. ఈ పదిహేనేళ్లలో మిగిలిన తారు, పాడైన సరుకు, వాడి పారేసిన సాల్వెంట్లు ఆవరణలోనే గోతులు తీసి పడేశారు. 1977లో ఉత్తరం పక్క, ఫ్యాక్టరీ బయట, పెద్ద చెరువుల్లాంటివి తవ్వారు. వ్యర్థజలాలు అందులోకి వదిలితే ఎండకి ఆవిరైపోతాయని వాళ్ల లెక్క. అడుగున ప్లాస్టిక్ పట్టా వేశారు. అది కారుతోందని 1982లో కంపెనీ వాళ్లే వాళ్ల పైవాళ్లకి టెలెక్స్ ఇచ్చారు. అంటే గ్యాస్ లీక్ కాకముందే నీళ్లు పాడైపోయాయి. ఆ రాత్రి అసలు జరగకపోయినా, ఈ భూమి ఇలాగే ఉండేది.

అమ్మాయి: ఈ సంగతి చాలామందికి తెలియదు.

మామయ్య: తెలియకే మొన్న పండగ చేసుకున్నారు. షెడ్లో గోతాల్లో కట్టిపెట్టిన 337 టన్నుల చెత్తని హైకోర్టు తిడితే, 2025 జనవరిలో 12 కంటెయినర్లలో పెట్టి 250 కిలోమీటర్ల దూరం పీథంపూర్ తీసుకెళ్లారు. జూన్ ఆఖరుకి కాల్చేశారు. పేపర్లన్నీ భోపాల్‌కి విషం వదిలిందని రాశాయి. మీ హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, నాగ్‌పూర్ నీరీ సంస్థలు కలిసి 2010లో లెక్క కట్టారు. ఆ ఆవరణలో బాగుచేయాల్సిన మట్టి 11 లక్షల టన్నులు. 11 లక్షలెక్కడ, 337 ఎక్కడ? పది వేల పాళ్లలో మూడు పాళ్లు తీసి, ఇల్లు ఊడ్చేశామన్నారు.

ఇక్కడ నా జ్ఞాపకం ఒకటి చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో చేసిన మందు పేరు సెవిన్. మా చిన్నప్పుడు పత్తికి పురుగు పడితే కొట్టిన మందుల్లో అదీ ఒకటి. మా నాన్న చెంబులో కలిపి, కర్రతో తిప్పి, చెయ్యి పంచెకి తుడుచుకునేవాడు. బి.హెచ్.సి. పొడి అయితే ఇంట్లో ధాన్యం గాదె చుట్టూ కూడా చల్లేవాళ్లం. భోపాల్ మట్టిలో దొరికిన వాటిలో ఆ బి.హెచ్.సి. జాతి పదార్థాలున్నాయి, పాదరసముంది, బట్టల్లో పెట్టుకునే కలరా ఉండల వాసన వేసే క్లోరోబెంజీన్లున్నాయి. 1999లో గ్రీన్‌పీస్ వాళ్లు చూసి చెప్పారు. 2009లో ఢిల్లీ సీఎస్ఈ పరీక్షించి, ఫ్యాక్టరీకి మూడు కిలోమీటర్ల దూరంలోని నీళ్లలో కూడా పురుగుమందు ఆనవాళ్లు చూపించింది. గోడ దగ్గర నిలబడినప్పుడు నాకు ఏ వాసనా రాలేదు. నన్ను భయపెట్టింది అదే.

అమ్మాయి: సరే, 11 లక్షల టన్నులు. ఏం చేద్దాం? లారీకి పది టన్నులు వేసుకున్నా లక్షా పది వేల లారీలు. ఎక్కడికి తోలుదాం? 337 టన్నులకే పీథంపూర్ జనం రోడ్డెక్కారు. మా ఊరేం పాపం చేసిందని అడిగారు. వాళ్లడిగిన దాంట్లో తప్పుందా?

మామయ్య: లేదు. నేనైనా అదే అడుగుతాను. ఆ కాల్చిన బూడిద కూడా ఇప్పుడు అక్కడే ఉంది. అసలు బరువుకన్నా ఎక్కువైంది, సున్నం గిన్నం కలిపారు కాబట్టి. దాన్నెక్కడ పాతాలన్నదీ కోర్టుకెక్కింది.

అమ్మాయి: అంటే ఆ మట్టిలో ఎక్కువ భాగం అక్కడే ఉండి తీరాలి. మరీ చెడ్డ చోట్లు తవ్వి, వేడిచేసో కడిగో విషం లాగి, మిగతాదాన్ని అక్కడే కట్టడి చేయాలి. కింద నీటిని తోడి శుద్ధి చేస్తూ ఉండాలి. పైన బంకమన్ను, దాని మీద పట్టా, దాని మీద మంచి మట్టి వెయ్యాలి. ఇదంతా ఏళ్ల తరబడి పని. ఆ ఏళ్లన్నీ చుట్టూ ఉన్నవాళ్లు గోడ చూస్తూ కూర్చోవాలా? బాగుచేయడమూ వాడుకోవడమూ జతగా నడిచిన చోట్లున్నాయి మామయ్యా. డెన్వర్ పక్కన రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అని ఉంది. 1942లో అమెరికా సైన్యం విషవాయువుల తయారీకి తీసుకున్న భూమి. యుద్ధమయ్యాక కొంత భాగం లీజుకిచ్చారు. షెల్ కంపెనీ 1982 దాకా అక్కడ పురుగుమందులు చేసింది. అచ్చం మన కథే. ఇవాళ అది 15 వేల ఎకరాల అభయారణ్యం. అడవిదున్నలు తిరుగుతున్నాయి. పడమటి అంచున కొంత భూమి పక్కనున్న కామర్స్ సిటీ అనే చిన్న ఊరికి అమ్మారు. ఆ ఊరు అక్కడ 2007లో ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకుంది.

మామయ్య: ఆ స్టేడియం ఎక్కడ కట్టారు? గోతుల మీదా, గోతులకి దూరంగానా?

అమ్మాయి: అంచున. మధ్యలో పాతిపెట్టిన భాగం ఇప్పటికీ సైన్యం చేతిలోనే ఉంది. జనాన్ని పోనివ్వరు. ఇళ్లు కట్టకూడదు, సాగు చేయకూడదు, అక్కడి నీళ్లు తాగకూడదని నిబంధన రాశారు. నీళ్లు తోడి శుద్ధి చేయడం ఇప్పటికీ ఆగలేదు. నేను మెచ్చుకునేది అందుకే. అంతా శుభ్రమైపోయిందని వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఎక్కడెక్కడ ఏముందో గీత గీసి, ఆ గీతకి ఇవతల ఊరిని బతకనిచ్చారు.

మామయ్య: ఖర్చెంతైంది?

అమ్మాయి: రెండు వందల కోట్ల డాలర్ల పైనే.

మామయ్య: ఎవరు పెట్టుకున్నారు?

అమ్మాయి: సైన్యమూ, షెల్లూ.

మామయ్య: అదీ! షెల్ కూర్చుని లెక్క చూసుకుని డబ్బు కట్టింది. ఇక్కడ ఎవరు కట్టారు? 1989లో 47 కోట్ల డాలర్లకి రాజీ అయిపోయింది. అది గ్యాస్ తగిలినవాళ్ల కోసం. 1994లో కార్బైడ్ తన వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. కొన్న కంపెనీ పేరు మార్చుకుంది, అరకొరగా ఏదో చేసి 1998లో లీజు వదిలేసింది. 2001లో కార్బైడ్‌ని డౌ కెమికల్ కంపెనీ కొంది. ఆ ఫ్యాక్టరీ మేమెన్నడూ నడపలేదు, మాకు సంబంధం లేదంటుంది డౌ. బాగుచేయడానికి 100 కోట్లు ముందుగా కట్టించమని కేంద్రమే 2005లో కోర్టుకెక్కింది. కట్టారా? 2023లో సుప్రీంకోర్టు అదనపు పరిహారం పిటిషన్ కొట్టేసింది. పీథంపూర్ ఖర్చు 126 కోట్లు కేంద్ర ఖజానాలోంచి వచ్చాయి. అంటే నీవీ నావీ. అద్దెకుండి ఇల్లు తగలబెట్టినవాడు తాళంచెవి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోతే, ఇంటివాడు తీసుకుని జేబులో వేసుకున్నాడు. నాకు అన్నిటికన్నా మంట ఇదే తల్లీ. భూమి ఎలా ఉందో చూడకుండా, రాయించుకోకుండా ఆ రోజు ఎందుకు తీసుకున్నారు?

బావగారి గొంతు పెరిగింది. అక్కయ్య లోపలి నుంచి తొంగిచూసింది. నాకూ అదే అనిపిస్తుంది. ప్రభుత్వ భూమి అన్న మాటకి అర్థం అక్కడే తేలాలి. ప్రభుత్వం వెనక్కి తీసుకున్న రోజు నుంచి ఆ మట్టిలోని ప్రతి గోతికీ అది జవాబుదారు. కంపెనీ దగ్గర వసూలు చేసుకోగలదా లేదా అన్నది వేరే దావా. ఆ దావా తేలేదాకా పక్క బస్తీ బోరునీళ్లు తాగుతూ ఉండాలనడం నాకు ఏ న్యాయం కింద చూసినా కుదరదు.

అమ్మాయి: మీ కోపం అర్థమైంది మామయ్యా. కానీ, దోషి డబ్బు కట్టాకే చెయ్యాలంటే, ఆ దోషి కట్టనన్నంతకాలం శిక్ష జేపీ నగర్ వాళ్లకే కదా? పోనీ, కొత్త నిబంధనలు చూశారా? 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. దేశంలో ఇలాంటివి 103 ఉన్నాయని తేల్చారు. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్నారు. వాడు లేకపోయినా, కట్టలేకపోయినా ప్రభుత్వమే పని చేయించాలన్నారు.

మామయ్య: చదివాను. స్థలం గుర్తించడానికి గడువుంది, రిపోర్టివ్వడానికి గడువుంది, శుభ్రం చేసి తీరాలన్న గడువు మాత్రం కనపడలేదు నాకు. గడువు లేని పని ఈ దేశంలో ఎప్పుడవుతుందో మీ నాన్ననడుగు.

అమ్మాయి: అందుకే వాడుక పెట్టాలంటున్నాను! ఎవరూ వెళ్లని చోట ఏం జరుగుతోందో ఎవరూ అడగరు. అదే స్థలం అంచున రోజుకి ఐదు వందల మంది పిల్లలు చదువుకుంటుంటే, వాళ్ల తల్లులు అడుగుతారు. పంపు ఎందుకు ఆగింది, నీటి రిపోర్టు ఎందుకు రాలేదు అని అడుగుతారు. ముళ్లచెట్లకి తల్లులుండరు.

నాకు ఆ మాట గట్టిగా తగిలింది. బావగారికి కూడా తగిలిందనుకుంటాను. కాసేపు చేతిలోని కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

మామయ్య: తల్లులు అడుగుతారు. నిజమే. నయాగరా ఫాల్స్‌లో కూడా తల్లులే అడిగారు, పాతికేళ్ల తరవాత. లవ్ కెనాల్ కథ నీకు నేను చెప్పక్కర్లేదు. పాత కాలవలో 21 వేల టన్నుల రసాయనాలు పూడ్చి, పైన మన్ను కప్పి, 1953లో ఒక్క డాలరుకి స్కూలు బోర్డుకిచ్చింది కంపెనీ. బోర్డు అక్కడ బడి కట్టింది. చుట్టూ ఇళ్లొచ్చాయి. 1978కల్లా ఇళ్ల నేలమాళిగల్లోకి నల్లగా ఊరడం మొదలెట్టింది. వందల కుటుంబాలు ఊరొదిలిపోయాయి. అక్కడా మంచి ఉద్దేశమే. బడి కట్టడం కన్నా మంచి ఉద్దేశం ఏముంటుంది?

అమ్మాయి: అక్కడ పైకప్పుని తవ్వేశారు మామయ్యా. కాలవకట్టలు తెంపి మురుగు పైపులు వేశారు. కింద ఏముందో పట్టించుకోలేదు.

మామయ్య: ఇక్కడ తవ్వరని నువ్వు పూచీ ఉంటావా? డెన్వర్లో గీశారన్నావే గీత. ఇక్కడ ఆ గీత ఎన్నాళ్లుంటుంది? ఈ ఊళ్లో ఉన్నది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి అరచెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. నువ్వు వేసే బంకమన్ను కప్పు ఏటా బాగుచేస్తూ ఉండాలి. మోటారు కాలిపోతే మర్నాడు మార్చాలి. యాభై ఏళ్లు మార్చాలి. ఆ బస్తీలకి మంచినీళ్లివ్వమని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఇళ్లదాకా పైపులు రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా ఎంతమంది పిల్లలు ఆ బోరునీళ్లు తాగి పెరిగారో! ట్యాంకర్ వచ్చిన రోజు బిందెల వరసలు చూసినవాణ్ని నేను. 2018కి పాడైన నీళ్ల బస్తీలు 42 అన్నారు. మొదట్లో అన్నవి అందులో సగం కూడా లేవు. నీళ్లు మన దస్త్రాల కోసం ఆగవు తల్లీ, కిందకిందనే నడుచుకుంటూ పోతాయి. నువ్వు పైన 67 ఎకరాల గురించి మాట్లాడుతున్నావు. నా భయం దాని కింద ఎంత మేర ఉందో తెలియని దాని గురించి.

అమ్మాయి: అది ఒప్పుకుంటాను. ప్లాను గోడ దగ్గర ఆగకూడదు. నీళ్లు ఎక్కడిదాకా వెళ్లాయో అక్కడిదాకా గియ్యాలి. ఆ బయట చెరువుల అంచుల దాకా ఇళ్లొచ్చేశాయి, వాటినీ కలపాలి.

మామయ్య: ఇంకొకటి. నువ్వు ఎకరం వంద కోట్లు పలికిన ఊరినుంచి వచ్చావు.

అమ్మాయి: కోకాపేట. 2023.

మామయ్య: ఆ. ఇక్కడ అంత పలకదు. కానీ పార్కొచ్చి, రోడ్డు వెడల్పై, ఐటీఐ వచ్చాక, ఇవాళ ఎవడూ తొంగిచూడని అన్నూ నగర్ బస్తీలో గజం ధర ఎంతవుతుంది? అక్కడున్నవాళ్లలో ఎంతమంది దగ్గర సరైన కాగితాలున్నాయి? పునరుజ్జీవం, పునరుజ్జీవం అంటున్నారు. గ్యాస్ పీల్చి, నీళ్లు తాగి, ఊపిరితిత్తులు పాడై అక్కడే బతికినవాళ్లు చివరికి పార్కు అందం చూడకుండా ఊరవతలికి పోతారు. వాళ్ల మనవలు అదే పార్కులో కొబ్బరిబొండాలమ్ముకుంటారు. ఎవరికి జీవం, ఎవరికి పునః?

ఈ ప్రశ్నకి మా అమ్మాయి దగ్గర జవాబు వెంటనే లేదు. లేదని ఒప్పుకుంది కూడా. ప్లానింగ్‌లో దీన్ని ఎప్పుడూ చివరి పేజీలో రాస్తామని, రాసేసరికి పేజీ అయిపోతుందని చెప్పింది. తన వృత్తి గురించి అలా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

అమ్మాయి: అయితే క్రమం మారుస్తాను. ముందు బస్తీల్లో ఉన్నవాళ్లకి ఉన్నచోటే పట్టాలివ్వాలి. పట్టా చేతికొచ్చేదాకా లోపల ఒక్క ఇటుక పెట్టకూడదు. భూమి అమ్మకూడదు, ఏ కంపెనీకీ దీర్ఘకాలం లీజుకివ్వకూడదు.

మామయ్య: లీజు అన్న మాట ఆ స్థలం దగ్గర ఎత్తకు.

అమ్మాయి: ఎత్తను. ప్రభుత్వ భూమి కావడమే ఇక్కడ మనకున్న బలం. ప్రైవేటువాడిదైతే అమ్ముకుని పోయేవాడు. రెండోది, బాగుచేసే పని ఉంది చూశారా, తవ్వడం, పరీక్షించడం, పంపులు నడపడం, చెట్లు పెంచడం, అదే ఇరవై ఏళ్ల ఉపాధి. ఆ పనికి బయటివాళ్లని తేకుండా ఆ బస్తీ పిల్లలకే నేర్పాలి. సరైన తొడుగులిచ్చి, ఆరోగ్యం చూస్తూ. 

మామయ్య: తొడుగులిస్తారంటావా?

అమ్మాయి: ఇవ్వకపోతే పని ఆపించే హక్కు వాళ్లకుండాలి.

స్మారకం మాట కూడా వచ్చింది. 2005లోనే పోటీ పెట్టి ఢిల్లీ ఆర్కిటెక్ట్‌ల నమూనా ఎంపిక చేశారు. అది కాగితం మీదే ఉండిపోయింది. ప్రభుత్వం కట్టేదాకా ఆగలేక బాధితులే 2014లో బెరాసియా రోడ్డు పక్కన 'రిమెంబర్ భోపాల్' మ్యూజియం పెట్టుకున్నారు. తుప్పుపట్టిన ఆ మిక్ యూనిట్‌ని, గడ్డిలో పడి ఉన్న 610 నంబరు ట్యాంకుని కూల్చకూడదు, నిలబెట్టాలి అన్నారు ఇద్దరూ. వాదన మొత్తంలో వాళ్లిద్దరూ ఏకమైంది అక్కడే. 2009లో 25 ఏళ్లైందని ఫ్యాక్టరీ గేట్లు జనానికి తెరుస్తామని మంత్రి ప్రకటించి, గొడవైతే మానుకున్న సంగతి బావగారు గుర్తుచేశారు. లోపల విషమేమీ లేదని చూపించడానికి జనాన్ని తిప్పుదామనుకున్నారట. అలాంటి తెరవడం తెరవడమే కాదన్నారు.

మామయ్య: నువ్వు చెప్పిన వాటన్నిటికీ నాదొకటే అడ్డు. నమ్మకం. నలభై ఏళ్లలో ఈ జనం దగ్గరికి ఎంతమంది వచ్చి రక్తం, నీళ్లు, మట్టి సీసాల్లో పట్టుకుపోయారో లెక్కలేదు. రిపోర్టు ఎవరికిచ్చారు? ఢిల్లీకిచ్చారు, కోర్టుకిచ్చారు. ఆ బోరు వాడిన ఆవిడకి మాత్రం ఇవ్వలేదు. నీళ్లు తాగొచ్చని ఒకడు, తాగొద్దని ఇంకొకడు. పంపుకి ఎర్రరంగు పూసి పోయాడు ఒకడు. ఆ రంగు వెలిసిపోయింది, పంపు మాత్రం ఇంకా నీళ్లిస్తోంది. రేపు నువ్వు అంచున బడి కట్టి, ఇక్కడ మట్టి బాగానే ఉందంటే ఎందుకు నమ్మాలి వాళ్లు?

అప్పుడు నేను కల్పించుకున్నాను. ఇద్దరినీ ఒకటే అడిగాను. రేపు పొద్దున్న ఆ స్థలంలో ఒకే ఒక్కటి కట్టమంటే ఏం కడతారు?

బావగారు ఏమీ కట్టనన్నారు. కూలిన గోడ మాత్రం కట్టిస్తానన్నారు.

మా అమ్మాయి ఆలోచించి, ల్యాబ్ అంది. జేపీ నగర్ వైపు గేటు పక్కన, పరీక్షలో శుభ్రమని తేలిన చోట చూసి, నాలుగు గదుల ల్యాబ్. ఎవరైనా బిందెలో నీళ్లు తెచ్చి ఉచితంగా పరీక్ష చేయించుకునేలా. బస్తీలో ఇంటర్ కెమిస్ట్రీ చదివిన పిల్లలకి అందులో ఉద్యోగాలు. నెలకోసారి చుట్టుపక్కల బోర్ల ఫలితాలు గేటుకి కట్టాలి. బడి, పార్కు, వర్క్‌షాపు ఏది కట్టాలన్నా, ఎప్పుడు కట్టాలన్నా ఆ కాగితాలు చూసి బస్తీవాళ్లే చెప్పాలి.

మామయ్య: గోడ కూడా కట్టించు. ఆ కుర్రాడు దూరిన చోట.

అమ్మాయి: కట్టిస్తాను మామయ్యా. కానీ వాడికి బంతాడుకోవడానికి ఇంకో జాగా చూపించాకే. లేకపోతే మళ్లీ ఇంకోచోట కూలగొడతాడు.

మామయ్య: జాగా ఎక్కడ చూపిస్తావ్? ఉన్నదే అది.

అమ్మాయి: నేను ఇందాకట్నుంచీ చెప్తున్నది అదే కదా!

బావగారు తలూపలేదు, కాదనీ అనలేదు. రైల్వే లైను అవతల ఏదో పాత గోడౌన్ల స్థలం ఉందని, అది ఎవరిదో కనుక్కుంటానని, కార్బైడ్ లోపల మాత్రం తన కంఠంలో ప్రాణముండగా పిల్లల్ని ఆడనివ్వనని అన్నారు. అమ్మాయి ఆ స్థలం మట్టి కూడా పరీక్ష చేయించాలంది. అదీ రైలు పట్టాల పక్కనే కదా, నీళ్లు అటు నడిచాయో లేదో ఎవరు చూశారు అంది. బావగారు లేచి, లోపలికెళ్లి, పాత టెలిఫోన్ డైరెక్టరీ వెనకాల దాచిన భోపాల్ పటం తెచ్చి బల్ల మీద పరిచారు. అక్కయ్య అన్నానికి పిలుస్తోంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.